చెప్పినవాని పేరు, శ్రమపడినవాని రొట్టె

పరిశుద్ధ దేశయాత్రకు వెళ్లి వచ్చినవారు వ్రాసే సంగతులు మీరు చాలాసార్లు చదివియుంటారు. బేత్లెహేము, ఒలీవల కొండ, యొర్దాను నది, తోట సమాధి, ఇవన్నీ మీకు పరిచయమైనవే. 2019 ఫిబ్రవరిలో మేము నలభైమందిమి, ఎక్కువమంది పల్లె సంఘాల వారమే, ఆ దారినే వెళ్లాము. ఆ స్థలాలను గూర్చి మరల వ్రాయడము మా ఉద్దేశము కాదు. ఆ ప్రయాణములో మా మనస్సులలో నాటుకొన్న ఒక ప్రశ్నను గూర్చి, ఆ ప్రశ్న పుట్టిన స్థలాలను గూర్చి వ్రాయదలచాము.

ఆ ప్రశ్న ఇది. ఇంకొకరు కట్టిన పాటను, ఇంకొకరు చెప్పిన బోధను, ఇంకొకరు కష్టపడి దిద్దిన పుస్తకమును మనము తీసుకొని వాడుకొనవచ్చునా? వాడుకొంటే ఎంతవరకు? దేవుని గూర్చిన మాట అందరిదీ గదా, దానికి సొంతదారుడు ఉంటాడా? యూదుల పండితులు ఈ ప్రశ్నను దాదాపు రెండువేల ఏండ్లుగా విచారిస్తూ వచ్చారు.

దాచుకొన్నవారి సంగతి

యెరూషలేములో పడమటి గోడ దగ్గర నిలువబడినప్పుడు మొదటి కథ విన్నాము. దేవాలయము నిలిచిన కొండకు చుట్టూ హేరోదు కట్టించిన ప్రహరీలో మిగిలిన భాగమే ఆ గోడ. రాళ్ల సందులలో జనులు ప్రార్థన చీటీలు పెడుతున్నారు. మా మార్గదర్శకుడు యూదుడు. ఆయన ఇంగ్లీషులో చెబుతుంటే మాలో ఉన్న ఒక ఉపాధ్యాయుడు మాకు తెలుగులో వివరించాడు.

దేవాలయములో సముఖపు రొట్టెలు చేసే పని గర్ము అనే కుటుంబము వారిదట. ధూపద్రవ్యము కలిపే పని అవ్తినాసు కుటుంబము వారిది. వారు కాల్చిన రొట్టె బూజు పట్టేది కాదు. వీరు కలిపిన ధూపము పొగ చెదరకుండా కఱ్ఱవలె నిటారుగా పైకి లేచేది. ఆ కిటుకు ఇతరులకు నేర్పమంటే రెండు కుటుంబాలవారూ ఒప్పుకోలేదు. పెద్దలు ఐగుప్తులోని అలెక్సంద్రియ నుండి వేరే పనివారిని పిలిపించారు. వారి రొట్టె బూజు పట్టింది, వారి పొగ చెదిరిపోయింది. చివరకు పాతవారినే రెట్టింపు జీతమిచ్చి తిరిగి తెచ్చుకోవలసి వచ్చింది. అలాగే హుగ్రోసు అనే లేవీయుడు పాటలో తనకున్న నేర్పును ఎవరికీ నేర్పలేదు. బెన్ కమ్‌త్సరు అనేవాడు వ్రేళ్ల మధ్య నాలుగు కలములు పట్టుకొని నాలుగక్షరాల దేవుని నామమును ఒక్కసారే వ్రాయగలిగేవాడు. అతడూ నేర్పలేదు.

వీరి పేర్లను యూదుల గ్రంథమైన మిష్నా నిందతో జ్ఞాపకము చేసింది. అయితే తరువాతి కాలపు తల్మూదు ఇంకొంచెము న్యాయముగా విచారించింది. ఎందుకు నేర్పలేదని గర్ము వారిని అడిగితే, ఈ ఆలయము ఒకనాడు పాడవుతుందని మా పితరులకు తెలుసు, అయోగ్యుడు ఎవడైనా ఈ పని నేర్చుకొని విగ్రహారాధనకు వాడుతాడని భయపడ్డాము అన్నారట. ఆలయపు రొట్టెనే ఇంట్లో తింటున్నారని ఎవరూ అనుమానపడకుండ, వారి పిల్లల చేతిలో మేలైన పిండి రొట్టె ఎన్నడూ కనబడలేదట. అవ్తినాసు వారి పెండ్లికూతుళ్లు సుగంధము పూసుకొనేవారు కారట. కాబట్టి ఆ రెండు కుటుంబాలకు నింద కొంత తొలగింది. పాటగానికీ వ్రాతగానికీ మాత్రము చెప్పుకొనుటకు తగిన కారణము లేక నింద అలాగే నిలిచింది.

ఇది విన్నప్పుడు మాకు ఒక సంగతి తెలిసింది. నేర్పు కలవాడు దానిని తాళము వేసి పెట్టుకొనడము ఆ పెద్దలకు నచ్చలేదు. మోషే ధర్మశాస్త్రమును జీతము పుచ్చుకొనకుండ నేర్పాడు, మీరూ అలాగే నేర్పవలెను అనేది తల్మూదు బోధ. మన ప్రభువు శిష్యులతో ఉచితముగా పొందినదానిని ఉచితముగా ఇమ్మన్న సంగతి మీకు తెలిసినదే. అయితే గురువు తన పని మానుకొని కూర్చుని నేర్పితే, ఆ పోయిన కూలి తీసుకొనవచ్చునని వారు ఒప్పుకొన్నారు. మాటకు వెల లేదు గాని, మనిషి కడుపు కాలకూడదు. తరువాత వచ్చిన వాదములన్నీ ఈ రెండింటి మధ్యనే నడిచాయి.

తిబెరియ తీరములో

యెరూషలేము నుండి ఉత్తరముగా గలిలయకు వెళ్లాము. గలిలయ సముద్రము అంటాము గాని అది మంచినీళ్ల సరస్సు. పొడవు 21 కిలోమీటర్లు, వెడల్పు 13 కిలోమీటర్లు. సముద్రమట్టము కంటె దాదాపు 210 మీటర్ల లోతున ఉన్నది. పడమటి ఒడ్డున ఉన్న తిబెరియ పట్టణమును హేరోదు అంతిప కట్టించి రోమా చక్రవర్తి తిబెరి పేరు పెట్టాడు. యోహాను సువార్తలో ఈ సరస్సుకు తిబెరియ సముద్రమను పేరు అందుకే వచ్చింది. పాత గోడలు నల్లరాయితో కట్టబడి ఉన్నాయి.

యెరూషలేము పాడైన తరువాత యూదుల పండితులు క్రమముగా ఈ గలిలయకు చేరారు. యెరూషలేము తల్మూదు అని పేరున్న గ్రంథము నిజానికి ఎక్కువ భాగము తిబెరియలోనే కూర్చబడింది. క్రీస్తు తరువాత మూడవ శతాబ్దములో ఇక్కడ రబ్బీ యోహానాను అనే గొప్ప గురువు పాఠశాల నడిపాడు.

మేము ఎక్కిన పడవలో పనివాడు వల విసిరి చూపించాడు. చేప ఒక్కటీ పడలేదు, అందరము నవ్వుకొన్నాము. మాలో సముద్రతీర గ్రామము నుండి వచ్చిన ఒక తాతగారు మాత్రము ఆ వల ముడులను చేతితో తడిమి చూచారు. అప్పుడు మా మార్గదర్శకుడు తల్మూదులోని ఒక నియమము చెప్పాడు. ఒక జాలరి ఒక చేపను గురిపెట్టి వల సిద్ధము చేసుకొంటే, ఇతర జాలరులు తమ వలలను ఆ చేప ఈదిపోగలిగినంత దూరము అవతలకు జరుపుకొనవలెనట. చేప ఇంకా నీళ్లలోనే ఉన్నది, ఎవరి సొత్తూ కాదు. అయినా దానికోసము శ్రమపడినవాని నోటిముందు నుండి లాగుకొనకూడదు.

తాతగారు తల ఊపి, ఒకరు చూచుకొన్న చేపల గుంపు మీద ఇంకొకరు వల వేస్తే మా దగ్గర కూడ తగవే అన్నారు.

దానితోపాటు ఒక తిరగలి సంగతి కూడ ఉన్నది. ఒక సందులో ఒకడు తిరగలి పెట్టి పిండి విసరి బ్రతుకుతున్నాడు. అదే సందులో రెండవవాడు వచ్చి తిరగలి పెడితే మొదటివాడు అడ్డగించవచ్చునని బబులోను దేశపు రబ్బీ హూనా అన్నాడు. వేరే రబ్బీలు ఒప్పుకొనలేదు. నీ దగ్గరకు వచ్చేవారు నీ దగ్గరకు వస్తారు, నా దగ్గరకు వచ్చేవారు నా దగ్గరకు వస్తారు అని రెండవవాడు చెప్పుకొనవచ్చునని వారి మాట. మరి చేప విషయములో ఎందుకు అలా అనకూడదు? ఆ చేప దాదాపు మొదటివాని చేతికి వచ్చినట్లే గనుక. ఇద్దరు ఒకే వ్యాపారము చేయడము వేరు, ఒకడు పడిన శ్రమ ఫలితమును రెండవవాడు ఎత్తుకొనిపోవడము వేరు.

ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో పొరుగువాని సరిహద్దు రాతిని జరుపకూడదని ఆజ్ఞ ఉన్నది. గట్టు తగవులు ఎరిగిన మన రైతులకు దీనిని వివరించనక్కరలేదు. యూదుల పండితులు ఆ రాతి ఆజ్ఞను పొలము దగ్గరే ఆపలేదు. పొరుగువాని జీవనాధారానికి కూడ ఒక గట్టు ఉన్నదని చెప్పి, ఇట్టి తప్పులన్నిటికి ‘గట్టు జరుపుట’ అనే అర్థము వచ్చే హెబ్రీ పేరే పెట్టారు.

గురువు కోపము

తిబెరియలోని రబ్బీ యోహానానుకు ఎలియాజరు అనే శిష్యుడు ఉండేవాడు. ఒకరోజు ఎలియాజరు పాఠశాలలో ఒక బోధ చెప్పాడు. అది గురువుదే, గాని గురువు పేరు ఎత్తలేదు. గురువుకు చాలా కోపము వచ్చింది. తోటి రబ్బీలు ఒకరి తరువాత ఒకరు వచ్చి సముదాయించబోయారు. చివరకు ఒకరు ఇలా ఓదార్చారు. యెహోషువ బోధించినప్పుడెల్ల ప్రతి మాటకూ ఇది మోషే చెప్పాడు అనేవాడా? అతడు చెప్పేది మోషే మాటేనని జనులందరికీ తెలుసు గదా. అలాగే ఎలియాజరు చెప్పేది నీ మాటేనని అందరికీ తెలుసు. అప్పుడు గురువు శాంతించాడు.

అంత పెద్ద గురువుకు పేరు మీద అంత ఆశ ఎందుకు అని తల్మూదే అడుగుతుంది. చనిపోయిన గురువు బోధను ఈ లోకములో అతని పేరుతో ఎవరైనా చెబితే, సమాధిలో అతని పెదవులు కదులుతాయని ఒక నమ్మిక వారిలో ఉన్నది. పేరు చెప్పడము పొగడ్త కాదు, అతడు ఇంకా బోధిస్తున్నట్లు లెక్క.

ఈ విషయమై వారు చూపే గొప్ప ఉదాహరణ మన బైబిలులోనిదే. ఇద్దరు ద్వారపాలకులు రాజును చంపజూచిన సంగతి మొర్దెకై తెలిసికొని ఎస్తేరుకు చెప్పాడు. ఎస్తేరు రాజుకు చెప్పేటప్పుడు అది తానే కనిపెట్టినట్లు చెప్పలేదు, మొర్దెకై పేరట చెప్పింది. ఆ పేరు రాజ్యపు గ్రంథములో వ్రాయబడింది. తరువాత రాజుకు నిద్రపట్టని రాత్రి ఆ పుటనే చదివి వినిపించారు. హామాను పతనము అక్కడే మొదలైంది. ఎస్తేరు ఆ పేరు మ్రింగివేసి ఉంటే ఏమయ్యేది? కాబట్టి ఎవరి మాటను వారి పేరట చెప్పేవాడు లోకానికి విడుదల తెస్తాడని ఆ పెద్దలు నేర్పారు.

పద్నాలుగు స్తంభాల దారి

తిబెరియలోనే మైమోనిడెస్ అనే రబ్బీ సమాధి ఉన్నది. యూదులు ఆయనను ప్రేమతో రంబాము అంటారు. స్పెయిను దేశములోని కొర్దోబాలో పుట్టి, ఐగుప్తులో వైద్యుడుగా పనిచేసి 1204లో చనిపోయాడు. దేహమును ఇక్కడికి తెచ్చి పాతిపెట్టారని యూదులు చెబుతారు. దారికి అటు ఏడు, ఇటు ఏడు స్తంభాలు నిలిపారు. ఆయన వ్రాసిన మిష్నే తోరా అనే ధర్మశాస్త్ర గ్రంథములోని 14 భాగాలకు అవి గుర్తు. మగవారము తలమీద గుడ్డ కప్పుకొని ఒకవైపునకు, స్త్రీలు మరొకవైపునకు వెళ్లాము.

ఆశ్చర్యమేమంటే, పేర్లు చెప్పలేదనే నింద ఆ మహానుభావుని గ్రంథానికే వచ్చింది. సామాన్యునికి సులువుగా అర్థము కావలెనని ఆయన ఏ నియమము ఏ రబ్బీ చెప్పాడో, దానికి ఆధారమేమిటో వ్రాయకుండ తీర్పులను మాత్రము వరుసగా వ్రాశాడు. ఫ్రాన్సు దక్షిణ భాగములో ఉన్న రబ్బీ అబ్రాహాము బెన్ దావీదు ఆయన కాలములోనే దీనిని గట్టిగా ఆక్షేపించాడు. రంబాము తరువాత అలెక్సంద్రియలోని ఒక న్యాయాధిపతికి జాబు వ్రాస్తూ, ఆధారాలన్నిటిని వేరే పుస్తకముగా కూర్చవలెనని తన కోరిక తెలిపాడు. అది ఆయనవల్ల పూర్తి కాలేదు. మూడు వందల ఏండ్ల పైన గడచిన తరువాత, తిబెరియకు దగ్గరి కొండమీద ఉన్న సఫెదు పట్టణములో రబ్బీ యోసేపు కారో కూర్చుని, ప్రతి నియమానికి మూలమేదో వెదకి వ్రాశాడు. ఒక పెద్దవాడు వదలిన పేర్లను ఇంకొక పెద్దవాడు తిరిగి తెచ్చి నిలిపాడు.

వెనిసు పట్టణములో రెండు ముద్రణలు

ఆ మిష్నే తోరా గ్రంథమే పుస్తకాల హక్కును గూర్చిన ఒక పెద్ద తగవుకు కారణమైంది. ఇటలీ దేశములోని వెనిసు ఆ కాలములో హెబ్రీ పుస్తకాల ముద్రణకు పేరుపొందిన పట్టణము. యూదులు అక్కడ 1516 నుండి గెట్టో అనే ఒక పేటలోనే కాపురముండవలసి వచ్చింది. వారికి సొంత ముద్రణాలయము పెట్టుకొనే హక్కు లేదు. క్రైస్తవులైన ముద్రాపకుల మీదనే ఆధారపడేవారు. ఆంట్వెర్పు నుండి వచ్చిన దానియేలు బొంబెర్గు అనే క్రైస్తవుడు మొట్టమొదటిసారిగా తల్మూదు మొత్తమును అచ్చు వేసింది అక్కడే.

1550లో పాదువా పట్టణపు రబ్బీ మెయీరు మిష్నే తోరాను తప్పులు దిద్ది, తన వివరణలు చేర్చి, బ్రాగాదీని అనే ముద్రాపకుని చేత అచ్చు వేయించాడు. సొమ్మూ శ్రమా రెండూ పెట్టాడు. అది బయటికి రాగానే జుస్తినియాని అనే పోటీ ముద్రాపకుడు అదే గ్రంథమును అచ్చు వేశాడు. రబ్బీ వివరణలను కూడ చివర చేర్చి, వాటిని ఎగతాళి చేశాడు. ఒక బంగారు నాణెము తక్కువకు అమ్ముతానని చాటాడు.

ఇద్దరు ముద్రాపకులూ ధనవంతులైన క్రైస్తవులు. నష్టపోయేది పాదువా రబ్బీ. ఆయన పోలండు దేశములోని క్రాకో పట్టణానికి, యువకుడైన రబ్బీ మోషే ఇస్సెర్లెస్‌కు వ్రాశాడు. పోలండులో యూదులు చాలామంది ఉండేవారు, పుస్తకాలు కొనేవారు వారే. ఇస్సెర్లెస్ ఆ తగవును విచారించాడు. ఎదుటివాడు యూదుడు కాడు గదా, అతనికి మన ధర్మశాస్త్రము వర్తిస్తుందా అని మొదట ప్రశ్నించుకొని, న్యాయము సర్వ జనులకూ ఒక్కటేనని తేల్చాడు. ముందు వచ్చినవానికి నష్టము తప్పదని తెలిసి కూడ వాని గుమ్మములో అంగడి పెట్టకూడదనే పాత న్యాయమును చూపించాడు. పండితుడు అంజూరపు పండ్లు సంతకు తెస్తే, అవి అమ్ముడుపోయేదాక ఇతరులు ఆగవలెనని తల్మూదులో ఉన్న మర్యాదనూ చూపించాడు. తప్పులున్న పుస్తకము ఇంట ఉంచుకొనకూడదని కూడ గుర్తుచేశాడు. చివరకు తన దేశములో ఎవరైనా ఆ గ్రంథము కొంటే పాదువా రబ్బీ ప్రతినే కొనవలెను, రెండవది కొన్నవారిని వెలివేస్తామని తీర్పు చెప్పాడు. గొప్ప ముద్రాపకుని మీద ఆయనకు అధికారము లేదు. కొనే సామాన్యుని మనస్సాక్షి మీద మాత్రము అధికారమున్నది. దానినే వాడాడు.

కథ అక్కడితో ముగిసి ఉంటే బాగుండేది. ఇద్దరు ముద్రాపకుల పగ చల్లారలేదు. ఒకరి పుస్తకాలలో క్రైస్తవ మతానికి విరోధమైన మాటలున్నాయని మరొకరు రోముకు ఫిర్యాదులు పంపించారని చరిత్రకారులు చెబుతారు. విచారణ వారిద్దరి పుస్తకాలతో ఆగలేదు, తల్మూదు మీదికి మళ్లింది. 1553 సెప్టెంబరు 9న రోములోని కంపో దె ఫియోరి అనే బజారు స్థలములో తల్మూదు ప్రతులను కుప్పపోసి తగులబెట్టారు. అక్టోబరులో వెనిసులోని సెయింటు మార్కు చౌకులో అదే జరిగింది. ఇండ్లలోని పుస్తకాలను వెదకి తెచ్చి కాల్చారు. ఇది చేసినది క్రైస్తవుల అధికారమే గనుక మనము తల వంచుకొని చదువవలసిన పుట ఇది. ఒకని కష్టము మీద వేరొకడు బంగారు నాణెము కోసము చెయ్యి వేసినందున పుట్టిన తగవు, రెండు పట్టణాల గ్రంథాలను బూడిద చేసేదాక పోయింది.

ఇస్సెర్లెస్ 1572లో చనిపోయాడు. క్రాకోలో ఆయన పేరు గల సమాజమందిరము, దాని పక్క సమాధుల తోటలో ఆయన సమాధి రాయి నేటికీ ఉన్నాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విధ్వంసములో కూడ ఆ రాయి నిలిచింది.

ప్రార్థన పుస్తకము నుండి క్యాసెట్టు వరకు

తరువాతి రబ్బీలందరూ ఒకే మాట అనలేదు. జర్మనీలో వోల్ఫు హైడెన్‌హైము అనే పండితుడు పండుగల ప్రార్థన పుస్తకమును ఏండ్ల తరబడి దిద్ది, అనువదించి అచ్చు వేశాడు. వేరొక ఊరి ముద్రాపకుడు దానినే తిరిగి అచ్చు వేశాడు. ప్రెస్‌బుర్గు రబ్బీ మోషే సోఫెరు హైడెన్‌హైము పక్షము వహించి, ఎర వేసి చేపలను రప్పించిన జాలరి ఇతడే అన్నాడు. రబ్బీ మొర్దెకై బానెతు ఒప్పుకొనలేదు. ప్రార్థన పుస్తకాలు బీదవానికి కూడ అందవలెను, ఒక్కనికే కట్టిపెడితే ధర పెరుగుతుంది అన్నాడు. ఇద్దరూ దైవభక్తులే. పుస్తకము అందరికీ చేరవలెనని ఒకరు, దానిని దిద్దినవాడు పస్తుండకూడదని ఒకరు. 1860లో రబ్బీ యోసేపు షౌల్ నతన్‌సోన్ ఇంకా ముందుకు వెళ్లి, గ్రంథకర్త హక్కు ఎల్లకాలము నిలుస్తుందని తీర్పు వ్రాశాడు. దానినీ ఒప్పుకొననివారు ఉన్నారు.

మన కాలానికి వస్తే, న్యూయార్కులో ఉండి 1986లో చనిపోయిన రబ్బీ మోషే ఫైన్‌స్టైన్‌ను క్యాసెట్టును గూర్చి అడిగారు. ఒక బోధకుడు తన ప్రసంగము క్యాసెట్టును నకలు చేయవద్దని చెప్పినప్పుడు, దేవుని వాక్యమే గదా అని నకలు తీసుకొనవచ్చునా? కూడదు, అది ఒక విధమైన దొంగతనమే అని ఆయన జవాబిచ్చాడు. వాక్యము అందరిదే. క్యాసెట్టు మాత్రము దానిని చేసినవానిది.

మన ఇండ్లలో, మన సంఘములలో

ఈ సంగతులు తిరుగు ప్రయాణములో బస్సులో మాట్లాడుకొన్నాము. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో కీర్తనలతోపాటు వాటిని వ్రాసిన వారి పేర్లు అచ్చు వేయడము ఆచారము. పురుషోత్తమ చౌదరిగారు 1890లో చనిపోయారు. ఆయన పేరు మాత్రము ఆ పుస్తకము ద్వారా నేటికీ మన పల్లెలలో వినబడుతున్నది. కూటముల కోసము పాటల కరపత్రాలు వేసేటప్పుడు మాత్రము చోటు చాలదని మొట్టమొదట తీసివేసేది ఆ పేరే. ఫోనులో వచ్చిన పాటను వందమందికి పంపేటప్పుడు దానిని కట్టినవారు ఎవరో అడిగేవారము తక్కువ. పేరు చేర్చడానికి ఖర్చు లేదు, ఒక్క వరుస చాలు.

మాతో వచ్చిన ఒక పల్లె సంఘపు పాస్టరుగారు బస్సులో ఇలా అడిగారు. నేను చదువుకొన్నది తక్కువ, పెద్దల ప్రసంగాలు విని వాటినే మా జనానికి చెబుతాను, అది తప్పా? మా మార్గదర్శకుడు నవ్వి, తిబెరియ గురువు కోపపడింది చెప్పినందుకు కాదు, పేరు చెప్పనందుకే గదా అన్నాడు. ఫలానా అయ్యగారి దగ్గర విన్నాను అని మొదట ఒక మాట అంటే, మీ జనులు మిమ్మును తక్కువగా చూడరు, ఆ అయ్యగారి కోసము కూడ ప్రార్థిస్తారు అన్నాడు.

రొట్టె సంగతి కొంచెము కష్టమైనది. పాటల పుస్తకము అచ్చు వేయడానికి అప్పు చేసిన కవులు, క్యాసెట్టు చేయించడానికి పొలము కుదువపెట్టినవారు మన మధ్య ఉన్నారు. ఒక ప్రతి కొని యాభై నకళ్లు తీసి పంచిపెట్టడము పరిచర్య అనుకొంటాము. పంచిపెట్టవలెనని మనకు నిజముగా ఆశ ఉంటే, ముందు ఆ వ్రాసినవారిని అడుగవచ్చు. చాలామంది సంతోషముగా ఒప్పుకొంటారు. ఒప్పుకొననివారికి వారి ఇబ్బంది ఏదో ఉంటుంది. అప్పుడు సంఘము పెట్టెలోనుండి పది ప్రతుల సొమ్ము పంపించి, ఆ పది ప్రతులనే ఇంటింటికీ మార్చి మార్చి చదువుకొనవచ్చు.

ఇక నేర్పు ఉన్నవారికి ఒక మాట. చేతిపని గాని, వంట గాని, హార్మోనియము మీద వ్రేళ్ల నడక గాని తెలిసిన పెద్దలు మన ఊళ్లలో ఉన్నారు. అడిగే పిల్లలు ఉన్నప్పుడే నేర్పండి. నేర్చుకొన్న పిల్లలారా, ఎవరు నేర్పారని ఎవరైనా అడిగితే, ఆ అవ్వ పేరో ఆ మాష్టారి పేరో చెప్పండి.